పుట్టిలో నా వంతు

మా తమ్ముడు చెరువు మీద ఒక రాత్రి గడిపి వచ్చిన రోజు నుంచి వాణ్ణి చూస్తే చాలు, నాకు ఒళ్లు మండేది. అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు, నాకు పదకొండు. ఎనభైల మొదట్లో ఒక ఏడు వానలు బాగా పడి ధర్మవరం చెరువు నిండింది, నీళ్లు మరవ మీదుగా పొర్లి పారాయి. మా వైపు అది ఏటేటా చూసే సంగతి కాదు. ఊరు ఊరంతా కట్ట మీదికి పోయి నీళ్లు చూసి వచ్చింది. నాయన మాత్రం చూసి ఊరుకోలేదు. చేపలు పట్టే స్నేహితుణ్ణి అడిగి పుట్టి తీసుకున్నాడు. అమాసనాడు తమ్ముణ్ణి ఎక్కించుకుని, చెరువు నడుమ మునగకుండా మిగిలిన మిట్టకు పోయాడు. ఇద్దరూ అక్కడే వండుకు తిని, అక్కడే పడుకుని మరునాడు పొద్దున వచ్చారు.

అమాసకు మగ్గం ఆడించరు. మా నేతగాళ్ల ఇళ్లలో నెలకు ఆ ఒక్కరోజే నాయన మగ్గం గుంతలోంచి తీరికగా బయటికి వచ్చేది. ఆ ఒక్కరోజునూ వాడు తన్నుకుపోయాడు.

మిగతా రోజుల్లో నాయన పక్కన కూచునేదాన్ని నేను. మా చీరలకు అంచు ఒక రంగు, నడుమ ఒక రంగు. కుడి అంచు నాది. పోగును అటూ ఇటూ మోసే నాయన నాడె నా వైపుకు వస్తుంది. దాని పోగుకు నా అంచు పోగు మెలివేసి, నా నాడె విసిరి, ఆగాలి. నాయన పలకతో పోగును దగ్గరికి కొట్టి మళ్లీ తన నాడె వేసేదాకా నా చెయ్యి లేవకూడదు. బడి నుంచి వచ్చి సంచీ పెట్టగానే ఇదే పని. తమ్ముడి చేతులు ఒకచోట నిలవవు, పోగులు తెంపుతాడని వాణ్ణి మగ్గం దగ్గరికే రానిచ్చేవాళ్లు కాదు. పని చేసేది నేను, పుట్టి ఎక్కేది వాడు. ఇదెక్కడి న్యాయం?

పోనీ, వాడు నోరు మూసుకుని ఉన్నాడా అంటే అదీ లేదు. అన్నం తినేటప్పుడు, నీళ్లు పోసుకునేటప్పుడు, ఒకటే పురాణం. నీటికాకులు ఎట్లా మునుగుతాయో, నాయన తుమ్మకంపతో మంట ఎట్లా వేశాడో, చేపను ఎట్లా కాల్చాడో.

"నాయన నాకు తెడ్డు ఇచ్చినాడు తెల్సా. పుట్టి నేనే తోసినా," అన్నాడు ఒకరోజు.

తక్కినవన్నీ ఎట్లాగో ఓర్చుకున్నాను గానీ తెడ్డు మాట దగ్గర నాకు ఏడుపు వచ్చింది. ఆ సాయంత్రం నాడెను కోపంగా విసిరితే పోగు తెగింది. నాయన తలెత్తి చూశాడు.

"ఏమైంది పాపా?"

"ఏం కాలేదు."

"కాకుంటే మొగం అట్లెందుకు పెట్టుకోనుండావు?"

"వాన్ని పిల్చుకపోయినావు గదా. నన్నెందుకు పిల్చుకపోలేదు?"

నాయన తెగిన పోగు వెతికి ముడి వేశాడు. ముడి అయ్యాక, "వచ్చే అమాసకు పోదాంలే," అన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "అమాసపూట ఆడపిల్లను నీళ్ల మింద యాడికి పిల్చుకపోతావు?" అని నాయన మీద లేచింది. "పిల్లోన్ని పిల్చుకపోయినప్పుడు అది అమాస గాదా?" అన్నాడు నాయన. నాకు చెప్పలేనంత సంతోషమైంది. గుమ్మంలో నిలబడి వింటున్న తమ్ముడి మొహం వాడిపోవడం చూశాక ఇంకా సంతోషమైంది.

పుట్టి అంటే వెదురుతో అల్లిన పెద్ద గంప. అడుగున తోలు కప్పి తారు పూస్తారు. అందులో బొరుగులు, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిమిండి, ఒక సట్టి, రెండు దుప్పట్లు వేసుకుని బయలుదేరాం. నాయన ముందువైపు మోకాళ్ల మీద కూచుని తెడ్డు వేశాడు. జమ్ము దాటేసరికి కట్ట మీది మాటలు వినిపించడం మానేశాయి. ఎటు చూసినా నీళ్లే. అంత నీళ్లలో నాయనా, నేనూ. అంతటితో నేను ఊరుకోవలసింది.

"తెడ్డు నాకియ్యి," అన్నాను.

"తిరుక్కుంటాది పాపా."

"వానికిచ్చినావు గదా."

నాయన ఏదో అనబోయి, అనకుండా ఇచ్చాడు. నేను కుడివైపు బలంగా నీళ్లు లాగి, ఆగాను. పుట్టి గిర్రున తిరిగింది. మళ్లీ కుడివైపు లాగి, ఆగాను. మళ్లీ తిరిగింది. ఒకసారి కట్ట ఎదురొస్తే ఇంకోసారి గుట్టలు ఎదురొచ్చాయి.

"ఊరికే ఆగుతాండావెందుకు? ఎడం పక్క గూడా వెయ్యల్ల."

"ఎడం పక్క నీది గదా నాయనా."

ఆ మాట అన్నాక గానీ నేనేం చేస్తున్నానో నాకే తెలియలేదు. రోజూ కుడి అంచు వేసి ఆయన కోసం ఆగే చెయ్యి, నీళ్ల మీద కూడా ఆగింది. నాయన కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"వాడు తోసినప్పుడు నేరుగా పోయిందా?" అని అడిగాను.

"వానికి తెడ్డు యాడిచ్చినా? పుట్టి అంచు పట్టుకోని, మిట్ట వచ్చేదాకా వాడు కండ్లే తెరవలేదు."

ఇక చూడాలి నా ఆనందం. మిట్ట మీద మూడు రాళ్లు పెట్టి, కంప ఏరుకొచ్చి, స్నేహితుడు ఇచ్చిన చేపలు కాల్చుకున్నాం. పొద్దు గుట్టల వెనక్కి దిగుతోంది. కాలిన చేపకంటే తమ్ముడి అబద్ధమే నాకు రుచిగా ఉంది. అప్పుడు నాయన, చేపను అటూ ఇటూ తిప్పుతూ, "ఈడ కూచోని వాడు ఏడ్చినాడు పాపా," అన్నాడు.

"ఎందుకు?"

"అక్కను దినామూ పక్కన కూచోబెట్టుకుంటావు, నన్ను ఎప్పుడు కూచోబెట్టుకుంటావని."

నాకు జాలి కలగలేదు. నా అమాసలోకి కూడా వచ్చి కూచున్నాడే అనిపించింది. "వాడు పోగులు తెంపుతాడు," అన్నాను.

"నువ్వు తెంపలేదా మొన్న?" అన్నాడు నాయన, మెల్లగానే.

మరునాడు పుట్టి నేరుగా ఇటు ఒడ్డుకు వచ్చింది, నాయన తోస్తే. నేను ఇంట్లో సంచీ తీసుకుని బడికి పోయాను. సాయంత్రం ఇంటికి వచ్చి సంచీ పెట్టి చూస్తే, నా చోటులో తమ్ముడు కూచుని ఉన్నాడు. నాయన వాడి చేతిని తన చేతిలోకి తీసుకుని, నాడె ఎట్లా విసరాలో చూపిస్తున్నాడు. నాకు అట్లా చెయ్యి పట్టుకుని ఎప్పుడు నేర్పించాడో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"కొన్నాళ్లు వాన్ని కూచోనీ పాపా," అన్నాడు నాయన.

"పని తప్పింది గదా, పోయి ఆడుకోపో," అంది అమ్మ వంటింట్లోంచి.

వీధిలో పిల్లలు ఆడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను పోలేదు. వాడు ఎప్పుడు చెడగొడతాడా, నాయన ఎప్పుడు నన్ను రమ్మంటాడా అని గుమ్మంలోనే నిలబడ్డాను. దీపాలు పెట్టేదాకా నిలబడ్డాను. నన్ను ఎవరూ పిలవలేదు.