కెనడా ఎమ్మెల్యేకి కొళాయి అర్జీ

ఆ ఉదయం ఆరింటికి నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. అమ్మ బిందెలు వరసలో పెట్టింది. నేను అరుగు మీద తోటకూర ఏరుతున్నాను. తమ్ముడు వీధి చివరికే చూస్తున్నాడు, ముందురోజు బండి మీద వచ్చిన ఇద్దరూ మళ్ళీ వస్తారేమోనని. అప్పుడే నా ఫోన్‌కి కెనడా నుంచి కబురు వచ్చింది. మా టీచరమ్మ నిద్రలోనే కన్నుమూశారట.

బొబ్బిలి మిషన్ బడిలో మాకు లెక్కలు చెప్పింది ఆవిడే. పుట్టింది కెనడాలో, మాట మాత్రం మా వీధిదే. "ఏటే, ఎక్కం మళ్ళీ మర్సిపోనావా? రాత్రి దానికి అన్నం పెట్టలేదేటి?" అనేవారు. మార్కులు వేసే ముందు ప్రతిసారీ కళ్ళజోడు తుడుచుకొనేవారు.

తమ దేశం వెళ్ళాక ఎన్నికల్లో నిలబడ్డారు. మొదటిసారి ఓడిపోయారు. రెండోసారి గెలిచి తమ రాష్ట్ర శాసనసభకు వెళ్ళారు. మా చర్చి స్త్రీల కూటానికి ఇలా రాశారు: "నేను గెలవాలని కాదు, గెలిచాక భయపడకూడదని ప్రార్థించండి."

ప్రార్థించాం. ఎమ్మెల్యే అయ్యారు కదా అని, మా వీధికి కొళాయి వేయించమని ఓ అర్జీ కూడా రాశాం. వీధంతా సంతకాలు, వేలిముద్రలు. అమ్మే దాన్ని పోస్టులో వేయించింది. టీచరమ్మ మా అర్జీ చూసి నవ్వలేదు. "నా మాట అక్కడ సెల్లదు గదే. మీలో ఒకలు నిలబడండి" అని జవాబు రాశారు.

కొన్నాళ్ళకు పల్లెల్లో ఆసుపత్రులు మూసేద్దామని సొంత పార్టీయే అంటే, ఆవిడ కాదని ఓటేశారు. "భయపడుతూనే లేచి నిలబడ్డాను" అని రాశారు. పార్టీ ఆవిడకు మరి టికెట్ ఇవ్వలేదు. తిరిగి అక్కడే ఓ బడిలో లెక్కలు చెప్పుకున్నారు.

ఈ ఏడు మా తమ్ముడు కౌన్సిలర్‌గా నామినేషన్ వేశాడు. బండి మీద వచ్చినవాళ్ళు నవ్వుతూనే మాట్లాడారు. "ఎనక్కి తీసేసుకో బావా. నీకు సదువుకునే కూతురున్నాది." అందుకు గడువు టీచరమ్మ కబురొచ్చిన మర్నాడు మధ్యాహ్నం వరకే.

సాయంత్రం టీచరమ్మ కోసం ప్రార్థన చేసుకొని కూర్చున్నాం.

"ఒగ్గేయ్‌రా" అంది అమ్మ. "కొళాయి లేకపోతే ఇన్నాళ్ళూ బతకలేదేటి?"

"ఆ అర్జీ పోస్టులో ఏయించింది నువ్వే గదే" అన్నాడు తమ్ముడు.

అమ్మ లేచి బిందె మీద మూత సరిచేసింది.

"అక్కా, నువ్వు సెప్పు."

"నాకూ భయంగానే ఉన్నాది. అయినా ఉండు" అన్నాను.

తమ్ముడు నామినేషన్ వెనక్కి తీసుకోడని తేల్చుకున్నాం. పోలింగ్ అయ్యేదాకా అతని కూతుర్ని బడికి నేను దిగబెట్టాలి. చివరి గంట కొట్టేవరకు ఆ గేటు దగ్గరే కూర్చోవాలి.