కదలని రాడ్
మా ఇంటి మీదుగా విమానం పోతుంటే ఇప్పటికీ నా పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది.

ఆ రోజు మేడ్చల్‌లో బస్సెక్కి ఒక అమ్మాయి పక్కన కూర్చున్నాను. ఆమె ఒడిలో ఒక చెక్క నమూనా ఉంది. మధ్యలో గుండ్రటి డబ్బా, దాని చుట్టూ నక్షత్రంలా ఏడు సిలిండర్లు, ముందు ఫ్యాను రెక్క, కింద స్టాండు. స్క్రూడ్రైవర్‌తో హడావిడిగా విప్పుతోంది.

“ఏమిటమ్మా ఇది?”

“పాత ఫ్రెంచ్ విమానం ఇంజన్, అంకుల్. కండ్లకోయల దిగంగనే మా కాలేజీల పరీక్ష. దీంట్ల నడిమి రాడ్ కదలదు. సిలిండర్లన్నీ రెక్కతోని కలిసి తిరుగుతయి, గాలి తగిలి సల్లగయితయి. మా దోస్తేమో, ఇంజన్ తిరుగుడేందని సిలిండర్లనే స్టాండుకు బిగించిండు!”

చివరి స్క్రూ ఊడింది. దాంతోపాటు స్టాండూ విరిగింది. ఆమె ముఖం వాడిపోయింది. డబ్బా వెనక పొడుచుకొచ్చిన రాడ్‌ను నా చేతికిచ్చింది.

“గట్టిగ వట్టుకోండ్రి. మీరు కదలొద్దు.”

రెక్కను ఒక్కసారి తిప్పింది. ఏడు సిలిండర్లూ నా పిడికిలి ముందు గిర్రున తిరిగాయి. ముఖానికి గాలి కొట్టింది.

“తిరుగుతోంది!” అని ఆమెకంటే ముందు నేనే అరిచాను.

“ఏందమ్మా, బస్సుల ఫ్యాన్ వెట్టినవా?” అన్నాడు కండక్టర్.

“మంచిగుంది బిడ్డా, ఇటు గూడ తిప్పు,” అంది వెనక సీటు అవ్వ.

కండ్లకోయ వచ్చింది. నేను దిగాల్సింది కొంపల్లిలో. రాడ్ ఇంకా నా చేతిలోనే ఉంది. ఆమె నన్ను రమ్మని అడగలేక నిలబడింది. నేనూ దిగాను.

“మీరెవరని సార్ అడిగితే ఏం జెప్పాలె, అంకుల్?”

“స్టాండ్ అని చెప్పు,” అన్నాను.