అదురు తెలిసిన అరచెయ్యి

నలుగురి ముందు ఒక మనిషి మీద నింద వేసి, తప్పు మీదేనని తెలిశాక అదే నలుగురి ముందు ఒప్పుకున్నారా ఎప్పుడైనా? బైబిలు వాక్యం చేతపట్టుకుని ఊళ్ళు తిరిగే నేను ఒప్పుకోలేదు. నేను నింద వేసిన మనిషి, నరసాపురంలో మా ప్రార్థన కూటాలకు మైకుసెట్టు పెట్టే మాస్టారు, మొన్న మంగళవారం ప్రభువునందు నిద్రించారు.

తొంభైల చివర్లో సంగతి. కూటానికి ముందు పాట రికార్డు వేయడం మా ఆనవాయితీ. ఆ ఏడు ఆయన కొత్తగా సబ్‌ఊఫరు, అంటే బరువైన మోతలు పలికే పెద్ద స్పీకరు పెట్టె, తెచ్చి చెక్కల వేదిక మీద పెట్టారు. రికార్డు ప్లేయరును దూరంగా అమర్చి టీకి వెళ్ళారు. నేనేం చేశాను? చేతికి అందుతుందని ప్లేయరు తెచ్చి ఆ ఊఫరు నెత్తినే పెట్టాను. పాట అందుకుందో లేదో ఒకటే హోరు, ముల్లు గెంతడం. మైకు పట్టుకుని, పాడైన సామాను తెచ్చి దేవుని పని చెడగొట్టారని ఆయన్ని కడిగేశాను. జనం నవ్వారు.

ఆయన టీ దగ్గర్నుంచి గబగబా వచ్చారు. నాడి చూసినట్టు ప్లేయరు మీద అరచెయ్యి వేశారు. తిరగడం ఆపిన రికార్డు మీద ముల్లు ఆనించి, కింది పెట్టెను వేలితో తట్టారు. ఊఫరులోంచి ఢబ్బుమని వచ్చింది.

"పెట్టె అదురు ముల్లు వింటోందండి. విన్నది మళ్ళీ పెట్టెకే చెబుతోంది. ఇద్దర్నీ విడదియ్యాలి" అన్నారు, నాకొక్కడికే వినబడేలా.

ఊఫరును నేల మీదికి దించారు. ప్లేయరుకు అవతలి పక్క వేరే బల్ల వేసి, పళ్ళెం నిండా గోదావరి ఇసుక పోసి, దానిమీద కడప రాయి పరిచి, ఆ రాయి మీద ప్లేయరు పెట్టారు. నా పౌరుషం తగ్గలేదు. ఇసుక మీద ఇల్లు కట్టేవాడు బుద్ధిహీనుడని వాక్యం ఉందన్నాను.

"ఇల్లు కట్టట్లేదు అయ్యగారూ, అదురుని పాతేస్తున్నాం."

పాట మళ్ళీ వేస్తే తబలా దెబ్బ వేరుగా, పాడే ఆవిడ ఊపిరి వేరుగా వినిపించాయి. గట్టిగా వినబడ్డం వేరు, వినబడ్డం వేరు అనేవారాయన. అరిచి చెప్పే నాకు అంతకు మించిన ప్రసంగం ఎవరూ చెయ్యలేదు.

సామాను పాడైందని అయ్యగారే అన్నారంటూ ఆ ఏడు రెండు ఊళ్ళవాళ్ళు ఆయన్ని మానేసి వేరొకర్ని పిలిచారు. ప్లేయరు జరిపింది ఎవరో ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అయినా ఏటా నా కూటానికి అందరికంటే ముందు వచ్చేవారు, పాత పంచె ముక్కతో రికార్డులు తుడుచుకుంటూ.

సమాధి దగ్గర మైకు అడిగి చెప్పాను, ఆ తప్పు నాదని. ఆయన భార్య తల ఎత్తింది.

"మాకు తెలుసండి. మీరే చెబుతారని ఆయన ఇన్నాళ్ళూ ఎదురుచూశారు."

అప్పటికే గుంటలో మట్టి వేస్తున్నారు. మీరు నింద వేసిన మనిషి ఇంకా ఊపిరితో ఉన్నాడా? ఇది పక్కన పెట్టి లేవండి. ఇవాళే, పొద్దు కుంకకముందే, ఆయన గడప తొక్కండి.