మూడో మలుపు మీద నిమ్మకాయ

సౌదీలోని జుబైల్‌లో, రిఫైనరీ ఆపి చేసే షట్‌డౌన్ రిపేర్లు ముగిసి మా ఫ్యాబ్రికేషన్ బ్యాచ్ ఖాళీగా కూర్చున్న చలికాలం అది. దమ్మామ్ బయట ఎడారిలో కార్ల రేసు కోసం కోడిగుడ్డు ఆకారంలో ట్రాక్ వేశారు, చుట్టూ కంచె పని ఉందంటూ కంపెనీ మమ్మల్ని బస్సెక్కించింది. ఆ కార్లు చూడ్డానికి రోడ్డు మీది కార్లలాగే ఉంటాయి. ఒళ్లంతా స్టిక్కర్లు, తలుపులు మాత్రం తెరుచుకోవు, డ్రైవరు కిటికీలోంచి దూరాలి. రేసు పొడవునా ఎడమకే తిరుగుతాయి. కుడికి తిప్పడం రాని వాళ్లకే ఈ ఉద్యోగం ఇస్తారని బస్సులో చెప్పాను. ఇద్దరు నమ్మారు.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన నా రూమ్మేటు, నేను తమ్ముడని పిలిచేవాడు, నమ్మలేదు. అతని ధ్యాస వేరే. వెల్డింగు బాగా వచ్చు గానీ, ఇకామాలో, అంటే ఇక్కడి పర్మిట్ కార్డులో, లేబర్ అని ఉండడం వల్ల ఏళ్లుగా హెల్పరుగానే ఉండిపోయాడు. మా పాకిస్తానీ ఫోర్‌మన్ మొదటిసారి అతని చేతికి వెల్డింగు హోల్డర్ ఇచ్చి, మూడో మలుపు దగ్గర నాలుగు స్తంభాలు అప్పగించాడు.

"రేస్ తక్ జాయింట్ టిక్ గయా తో తూ వెల్డర్. నహీఁ తో వాపస్ హెల్పర్," అన్నాడు.

రేసు అయ్యేదాకా అతుకులు నిలిస్తే వెల్డరు, లేకుంటే మళ్లీ పైపులు మోయడమే.

గాల్లోకి లేచిన కారు జనం మీద పడకుండా ఆ స్తంభాలు పైన ట్రాక్ వైపుకి వంగి ఉంటాయి. ఆ వంపు దగ్గరే అతని అతుకు. రేసు రోజు పొద్దున నిచ్చెనెక్కి, ఒక నిమ్మకాయ, రెండు పచ్చిమిరపకాయలు బైండింగ్ వైరుకు గుచ్చి ఒక స్తంభం వంపు దగ్గర వేలాడదీశాడు.

"ఏంది తమ్మీ, లారీ గిట్ల కొన్నవా?" అన్నాను.

"నవ్వకన్నా. ఇంత మంది వస్తున్నరు. దిష్టి తాకదా?"

"అందరు కార్లను సూస్తరు. నీ పోలును ఎవలు సూస్తరు?"

"నేను సూస్త గద!"

ఏదైనా విరిగితే అతికించడానికి మమ్మల్ని మలుపు వెనకే ఉంచారు. ముందు చప్పుడొచ్చింది, తర్వాత కార్లొచ్చాయి, ఆ తర్వాత కాలిన రబ్బరు వాసన. తమ్ముడు మాత్రం ఒక్క కారునూ చూడలేదు. మెడ ఎత్తి అతుకునే చూస్తున్నాడు. కార్ల గుంపు దాటినప్పుడల్లా ఆ గాలికి స్తంభం వణికేది, నిమ్మకాయ ఊగేది, అతని పెదవులు కదిలేవి. ఒకసారి గుంపు దాటాక చూస్తే వైరు ఉంది, మిరపకాయలు ఉన్నాయి, నిమ్మకాయ లేదు.

వెంటనే ట్రాక్ చుట్టూ పసుపు లైట్లు వెలిగాయి. ట్రాక్ మీద ఏదన్నా పడితే అంతే. ఒక కారు ముందు మెల్లగా నడుస్తుంది, మిగతావన్నీ పెళ్లి ఊరేగింపులా దాని వెనక. ఊడ్చే బండి మా దగ్గరే ఆగింది. తెల్లజాతి సేఫ్టీ ఆఫీసరు నలిగిన నిమ్మకాయను పారలో పెట్టుకుని మా దగ్గరికొచ్చాడు.

"వాట్ ఈజ్ దిస్?"

తమ్ముడి మొహంలో రక్తం లేదు. దిష్టి సంగతి చెబితే ఈ దేశంలో మంత్రతంత్రాల కింద లెక్కేస్తారు, అదో కొత్త తలనొప్పి. నేనే వచ్చీరాని ఇంగ్లీషులో నోరు విప్పాను.

"వైబ్రేషన్ టెస్ట్ సర్. ఇండియన్ మెథడ్. జాయింటు గట్టిదైతే నిమ్మకాయ ఊగుతుంది, వదులైతే పడిపోతుంది."

"సో దిస్ వన్ ఫెయిల్డ్," అన్నాడు అతను, వాకీటాకీ తీస్తూ.

"కొంప ముంచితివి గదన్నా!" అన్నాడు తమ్ముడు, నా వైపు చూడకుండానే.

పసుపు లైట్లు వెలుగుతుండగానే మలయాళీ ఇన్‌స్పెక్టరు వచ్చి నిచ్చెనెక్కాడు. సుత్తితో కొట్టాడు, టార్చి వేసి చూశాడు, అతుకు పొడవునా వేలితో తడిమాడు. స్టాండ్లలో జనానికి చూడడానికి ఇంకేమీ లేక అందరూ ఆ స్తంభాన్నే చూశారు. నిచ్చెన పట్టుకోవడం హెల్పరు పని కాబట్టి తమ్ముడే పట్టుకున్నాడు. అతుకు వైపే చూస్తూ పట్టు వదిలేస్తే నిచ్చెన ఊగింది, సరిగ్గా పట్టుకోమని పైనుంచి ఇన్‌స్పెక్టరు అరిచాడు.

"ఠీక్ సే పకడో యార్!"

కిందికి దిగి ఫోర్‌మన్‌తో అన్నాడు: "వెల్డింగ్ బహుత్ అచ్ఛా హై. లేకిన్ జిస్‌నే తార్ బాంధా, ఉస్‌కో బాంధ్‌నా నహీఁ ఆతా."

వెల్డింగు బాగుంది, వైరు కట్టినవాడికే కట్టడం రాదట. రెండూ చేసింది ఒక్కడేనని ఫోర్‌మన్‌కు తెలుసు. లైట్లు ఆకుపచ్చకు మారాయి, చప్పుడు మళ్లీ మొదలైంది.

రేసు ముగిశాక నాలుగు స్తంభాల దగ్గరా ఒక్కో నిమిషం నిలబడి చూసి, ఫోర్‌మన్ బస్సులో కొత్త వెల్డింగు హెల్మెట్ ఒకటి తమ్ముడి ఒళ్లో పడేశాడు. "కల్ సే," అన్నాడు. అంతే, రేపటి నుంచి వెల్డరు. తమ్ముడు దాన్ని బోర్లించాడు, తిప్పాడు, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. జుబైల్ పొగగొట్టాలు కనబడేదాకా దాని అద్దం తుడుస్తూనే ఉన్నాడు.

చివరికి అడిగాడు: "అన్నా, గంత సేపు నిలవడ్డం. ఎవలు గెల్సిండ్రే?"

"ఎర్ర కారు," అన్నాను.

రేసులో ఎర్ర కారు ఉందో లేదో నాకు తెలియదు. తమ్ముడు అప్పటికే ఫోన్ తీసి, ఎర్ర కారు గెలిచిందని ఇంటికి చెబుతున్నాడు.