సముద్రానికి వెళ్ళొచ్చిన కుర్చీ

మా తోడికోడలు పోయింది. పొద్దున్నే బావగారు నరసరావుపేట ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. "మీ అక్క లేదమ్మా. వాకిలి కడిగి ఉంచు, తీసుకొస్తున్నాం" అన్నారు. పూజలో ఉన్నాను. హారతి మధ్యలో ఆపకూడదని పూర్తి చేశాను గానీ, దేవుడిని ఏమీ అడగలేదు. అడగడానికి ఏమీ మిగల్లేదు.

నేను కాపురానికి వచ్చింది మొదలు ఒకే వాకిట్లో ఉన్నాం. ఆమె నోరు గట్టిది, నాకు మాట బయటికి రాదు. అందుకే పోట్లాట లేకుండా గడిచిపోయిందని ఊళ్ళో అనేవారు. మూత్రపిండాలు పాడయ్యాక డాక్టరు ఆమెకు నీళ్ళు కొలిచి తాగమన్నాడు. అక్క నా పూజ పళ్ళెంలోని ఉద్ధరిణి తీసుకుపోయి, దాంతోనే తాగడం మొదలుపెట్టింది.

"నీ దేవుడు ఉద్ధరిణితో ఇస్తాడు, నా డాక్టరూ అంతే. ఇద్దరికీ చెయ్యి రాదే" అనేది.

మా పల్నాడు ఎండలు మీకు తెలియనివి కావు. ఇంటికి వచ్చినవాళ్ళకు చెంబు నిండా నీళ్ళిచ్చి ఎదురుగా కూర్చునేది. "గుటకలు నాకు వినపడాల. నా వంతు కూడా తాగు" అనేది. చాలామందికి ఆ నీళ్ళు గొంతు దిగేవి కావు. అది చూసి నవ్వేది.

ఆమె సముద్రం చూడలేదు. మా వీధి ఆడవాళ్ళు పౌర్ణమి స్నానాలకు వ్యాను కట్టించుకుని వెళ్ళేవాళ్ళం. ప్రతిసారీ మిరప కోతలో, ఇంట్లో జ్వరాలో ఆమెకే అడ్డం పడేవి. మంచాన పడ్డాక ఆ కోరిక పట్టుకుంది.

"డాక్టరు వద్దన్నవి రెండే, నీళ్ళు, ఉప్పు. రెండూ కలిపి ఒకేచోట పోసి పెట్టారంట. చూసి రావొద్దా?"

"చూసి ఏం చేస్తావక్కా?" అన్నాను.

"అక్కడ అందరూ నాలాంటోళ్ళేగా. ఎన్ని నీళ్ళున్నా ఒక్కళ్ళూ తాగటానికి లేదు."

సముద్రానికి వెళ్ళొచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి వకీలులా ప్రశ్నలు వేసేది. బండి ఎక్కడ ఆగుద్ది, అక్కడినుంచి ఇసుకలో ఎంత నడవాలి, నీడ ఉందా, ఆడవాళ్ళకు మరుగు ఉందా. రామాపురం బాగుంటుందని ఒకరంటే, వాడరేవు అని ఇంకొకరు. ఆమె సూర్యలంకకే మొగ్గింది. ఊపిరాడకపోతే దారిలో బాపట్ల ఆసుపత్రి ఉంది. అంత నడవలేనని, ప్లాస్టిక్ కుర్చీ కూడా వ్యానులో ఎక్కించాలని చెప్పింది. "అల వచ్చే చోట వెయ్యండి. కాళ్ళు తడిస్తే చాలు."

సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. కార్తీక పౌర్ణమి బుధవారం పడింది. "నీ పౌర్ణమికీ నా మిషనుకీ జాతకాలు కలవలేదే" అంది. మాఘ పౌర్ణమి ఆదివారం వచ్చింది. అప్పటిదాకా ఆగింది.

శనివారం సాయంత్రం ప్రయాణానికి పులిహోర కలిపాను. సంతోషం పట్టలేక ఆమె చిన్నపిల్లలా రెండు పిడికెళ్ళు తినేసింది. ఆ ఉప్పుకి దాహం పుట్టి చెంబు నీళ్ళు తాగేసింది. తెల్లారి వ్యాను వాకిట్లోకి వచ్చేసరికి మొహం వాచి, ఊపిరి అందక మంచం పట్టెలు పట్టుకుని కూర్చుని ఉంది. వ్యాను వెనక్కి పంపిద్దామన్నారు బావగారు. ఆమె ఒప్పుకోలేదు. ఆగి ఆగి, "మీరన్నా పోండి... కుర్చీ దించొద్దు" అంది.

వ్యాను బాపట్ల వైపు, మేం కారులో నరసరావుపేట వైపు వెళ్ళాం. మిషను మీద ఉండగా మా అబ్బాయి సూర్యలంక నుంచి వీడియో కాల్ చేశాడు.

"పెద్దమ్మా, ఇదుగో అందరూ!"

"మీ మొహాలు రోజూ చూసేయేగదరా. ఫోను నీళ్ళ మీద పెట్టు."

వాడు ఫోను తిప్పాడు. అల వచ్చే చోట ఖాళీ కుర్చీ వేసి ఉంది. మేం చూస్తుండగానే పెద్ద అల వచ్చి దాన్ని పడేసింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అక్క నవ్వింది. "నేను కూర్చుంటే కదిలేదా? ఇయ్యాల చానా బరువున్నా" అంది. అంతలో సిగ్నల్ పోయింది.

వాడు పెద్ద కూల్‌డ్రింకు సీసా నిండా సముద్రపు నీళ్ళు తెచ్చాడు. తల మీద చల్లుకోమన్నాను. చల్లుకోలేదు. "మంచం కింద పెట్టండి. ఇంట్లో నన్ను ఎవరూ కసరని సీసా ఇదొక్కటే" అంది. తర్వాతి పౌర్ణమి కూడా మిషను రోజుల్లో పడలేదు. కానీ అప్పటికి ఆమె మంచం దిగే స్థితిలో లేదు. సముద్రం ఊసు ఆమే ఎత్తలేదు.

ఆఖరి స్నానానికి వాకిట్లో ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు బిందె తర్వాత బిందె తెచ్చి పోశారు. ఉద్ధరిణితో గొంతు తడుపుకున్న మనిషి తల మీది నుంచి నీళ్ళు ధారలు కట్టి కారిపోతుంటే, చాలని చెప్పేవాళ్ళు లేరు. అంతా అయ్యాక మంచం కింది సీసా తెచ్చి ఆమె పాదాల మీద పోశాను. సీసా అడుగున ఉన్న కాస్త ఇసుక వేళ్ళ మధ్య ఆగింది.

సాయంత్రం శ్మశానం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చే వేళకు వాకిలి ఆరిపోయింది. ఖాళీ కుర్చీ ముందు నల్లటి నాపరాళ్ళ మీద, పాదాలు ఆనిన చోటు చుట్టూ, అల వెనక్కి వెళ్ళినట్టు తెల్లటి ఉప్పు చార.