అమ్మ ఒళ్ళో గిటార్

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం పూట అమ్మ ఒళ్ళో ఒక్కరికే చోటుండేది. తమ్ముడు నిద్రపోతే గిటార్‌కి... లేస్తే తమ్ముడికి.

అరవైల చివరి మాట. మా ఇల్లు పలాసలో. అమ్మ పుట్టిల్లు మాత్రం ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్. అక్కడ పక్కింటి బెంగాలీ ఆవిడ దగ్గర నేర్చుకుందట. మెడకు తగిలించుకుని వాయించే గిటార్ కాదది... ఒళ్ళో పడుకోబెట్టుకుని, వేలెడంత ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ వాయించేది. కడ్డీతో పాటే స్వరమూ జారేది... ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు.

నాన్నమ్మకు మాత్రం అది ఉత్త కర్ర.

"ఒళ్ళో పిల్లడుండాల గానీ కర్రేటే? ఆడు పాలకేడుత్తన్నాడు, ఇనపడనేదేటి?"

"ఈ ఒక్కటీ అయిపోనీండత్తా..." అని అమ్మ నవ్వేది. అయ్యేది కాదు. గిటార్ గోడకు చేరేది, తమ్ముడు ఒళ్ళోకి చేరేవాడు.

నాన్న అక్కుపల్లిలో బడిపంతులు. సోమవారం సైకిలెక్కి వెళ్తే మళ్ళీ శనివారమే. ఒక శనివారం తొందరగా వచ్చేశారు. లోపల అమ్మ వాయిస్తోంది. నాన్న సైకిలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు, పాట అయ్యేదాకా. ఇష్టమై నిలబడ్డారో... అది ఆగితే గానీ తన ఇంట్లోకి తాను రాలేక నిలబడ్డారో... నాకు ఇప్పటికీ తెలీదు.

ఇంతలో నాన్న తండ్రి, మా తాతయ్య పోయారు. ఏడాది దాకా ఇంట్లో పాటా ఆటా కూడదన్నారు. నాన్నే గిటార్‌ని అటక ఎక్కించారు. అమ్మ ఆ ఉక్కు కడ్డీని మాత్రం పోపులపెట్టెలో దాచుకుంది. బియ్యం ఏరాక, ఖాళీ చేటను ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు మీద కడ్డీని మెల్లగా అటూ ఇటూ జరిపేది... చప్పుడు లేకుండా. సంవత్సరీకం ఎప్పుడా అని ఆ ఇంట్లో ఎదురుచూసింది ఆవిడొక్కతే అనుకుంటాను.

సంవత్సరీకం ఇంకా కొన్నాళ్ళుందనగా అటక మీద చెదలు కనబడ్డాయి. గిటార్ వెనక పలకను పట్టేశాయి. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు. నాన్న చూశారు.

మర్నాడు నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని అక్కుపల్లి తీసుకెళ్ళారు. అక్కడ సముద్రం ఒడ్డున నాన్న శిష్యుడి తండ్రి తన పడవకు జీడినూనె పూస్తున్నాడు. జీడిపిక్కల పెంకుల్లోంచి తీసే నల్లటి నూనె. అది పూస్తే కర్రను పురుగు ముట్టదు.

"అట్టుకెల్లండి మాస్టారూ. గానీ ముందు సేతులకి కొబ్బరినూనె రాసుకోండి. ఎండలో బాగా ఎండీదాకా ఎవుల్నీ ముట్టనీయకండి. పచ్చిగుంటే తోలూడొచ్చెత్తాది."

నాన్న నవ్వారు. "పలాసోడికి జీడినూనె సంగతి సెప్తన్నావేట్రా!"

పెరటి వసారాలో నాన్నే గిటార్‌కి ఆ నూనె పూశారు. ఆ వారమంతా ముసురు... ఎండ మొహమే లేదు.

సంవత్సరీకం అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నం నాన్న గిటార్‌ని పాత పంచెలో చుట్టి తెచ్చి, అమ్మ ఒళ్ళో పెట్టి, పంచె లాగారు.

"ఇంక వాయించుకో."

నాన్న నోట ఆ మాట రావడం అదే మొదలు. అమ్మ మొహం చూడాల్సింది...

కాసేపటికి, "కొంచెం జిగురుగా ఉందండీ" అంది. కానీ దించలేదు. ఏడాది ఆగిన మనిషి ఎలా దించుతుంది? మోచేతులు ఆనించి, చీర కుచ్చెళ్ళ మీద అదుముకుని, వాయిస్తూనే ఉంది. ఖరగ్‌పూర్ పిల్ల... ఆ వాసన ఆవిడకు తెలీదు.

తెలిసింది నాన్నమ్మకు. పెరట్లోంచి వస్తూనే ముక్కు ఎగబీల్చి అరిచింది. "ఓలమ్మో! జీడినూనె కాదేటిది! దించే... దించెయ్యే!"

తెల్లారేసరికి చేతులకు, తొడలకు బొబ్బలు. చిన్న చీరగుడ్డ తగిలినా విలవిల్లాడేది. నాన్న పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరారు, కొబ్బరినూనె రాశారు. "నీకోసమే కదా పూశాను..." అని ఎన్నిసార్లన్నారో. నాన్న చేతుల మీద ఒక్క బొబ్బా లేదు.

చాలా రోజులు ఆ ఒళ్ళో తమ్ముడికీ చోటు లేకపోయింది. వాడు నాన్నమ్మకు అలవాటు పడ్డాడు. "నానేటి సెప్పినాను?" అని వీధంతా చెప్పుకుందావిడ. పుళ్ళు మానాక అమ్మ ఉక్కు కడ్డీని పోపులపెట్టెలోంచి తీసి అటక మీదికి విసిరేసింది. మళ్ళీ వాయించలేదు. నాన్న కూడా మళ్ళీ వాయించమని అడగలేదు.

యూనివర్సిటీలో చదివిన రోజుల్లో మనసు ఆగక అడిగేశాను. "నాన్నకు తెలిసే చేశారేమో అని నీకెప్పుడూ అనిపించలేదా అమ్మా? ఒక్కసారైనా అడగలేదా?"

అమ్మ కూర తరుగుతూ తలెత్తలేదు. "అడిగితే ఏదో ఒకటి సెప్పీవోరు కదే. అదే సెప్పీసుంటే... మరి నానెలాగ కాపరం సేసీదాన్ని?"

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. గిటార్ మాత్రం ఉంది. తీగలు తుప్పు పట్టి తెగిపోయాయి. ఆ నూనె ఎండి రాయిలా బిగుసుకుంది... పడవలా నల్లగా. దానికి ఇప్పటికీ చెద పట్టలేదు.

ఇప్పుడు మా వీధి చివర గిటార్ క్లాసుంది. సాయంత్రమైతే తల్లులే పిల్లల్ని స్కూటీల మీద తెచ్చి దింపుతున్నారు. అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. పిల్లలందరం పెద్దయిపోయాం... ఆ ఒళ్ళో చోటంతా ఖాళీయే. వేళ్ళే ముడుచుకుపోయాయి.

మీ అటకల మీద కూడా ఇలాంటివి ఉండే ఉంటాయి... అవి ఎవరి ఒళ్ళోంచి అక్కడికి చేరాయో, తెలిస్తే రాయండి.