నా ఈజిప్టు, నస్రీన్ మిస్ర్

2023 వానాకాలం. జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి వైపు వెళ్లే హైవే పక్కన గేర్లు, షాఫ్టులు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. అందులో ఎగుమతి కాగితాల పని నాది. సరుకు దేశం దాటాలంటే ముందు ఇన్వాయిస్ కావాలి, అంటే ఏం అమ్మాం, ఎంతకి అమ్మాం అనే బిల్లు. తర్వాత ప్యాకింగ్ లిస్ట్, ఏ పెట్టెలో ఏముందో చెప్పే పట్టీ. ఆఖరున పెట్టె మీద షిప్పింగ్ మార్క్. ఎవరికి, ఏ దేశానికి అని స్టెన్సిల్ పెట్టి నల్లరంగుతో కొట్టే గుర్తు అది. ఈ మూడింటిలోనూ దేశం పేరు ఒక్కలాగే ఉండాలి. పెళ్లయి గుంటూరు జిల్లా నుంచి ఈ ఊరొచ్చాక నేను నేర్చుకున్న పని ఇదే, ఇందులో నన్ను వేలెత్తి చూపినవాళ్లు లేరు.

మా సరుకు ఎక్కువగా కొనేది ఈజిప్టు వాళ్లు. ఏళ్ల తరబడి అక్కడికి వెళ్లిన ప్రతి కాగితమూ నా చేతి మీదుగానే వెళ్లింది కాబట్టి ‘నా ఈజిప్టు’ అనేదాన్ని. చూసింది మాత్రం లేదు. ఆ ఏడు చూసే యోగం పట్టేలా కనిపించింది. అంతకు ముందు పంపిన పెట్టెలు అక్కడి పోర్టు యార్డులో ఎవరెవరి సరుకు మధ్యో పడిపోయి చాలా రోజులు దొరకలేదు. మీ వైపు నుంచి కాగితాలు తెలిసిన మనిషి ఒకరు వచ్చి, పోర్టులో సరుకు విడిపించే మా క్లియరింగ్ ఏజెంట్ల దగ్గర కొన్నాళ్లు కూర్చుంటే మంచిదని వాళ్ల ఇంజనీరు మహమూద్ గారు రాశారు. సరుకు బయల్దేరే ముందు చూసుకోవడానికి, దాన్నే ఇన్‌స్పెక్షన్ అంటాం, ఆయన స్వయంగా వస్తున్నారు. ఆయన తిరిగి వెళ్లాక ఎవరిని పంపేదీ మా ఎండీ గారు తేలుస్తారు. తేల్చడానికేముంది, నేనే కదా అనుకున్నాను. సూట్‌కేసు కూడా కొనేశాను.

నస్రీన్ మా సెక్షన్‌లో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. జహీరాబాద్ పిల్లే. వాళ్ల నాన్న షాపులకు బోర్డులు రాసేవాడు. పిల్ల చురుకైనది, నవ్వు ముఖం, అందరికీ ఇష్టం. ఈ మూడూ నాకు గిట్టని గుణాలే.

ఇన్‌స్పెక్షన్‌కి ముందు పెట్టెలు సిద్ధమవుతుంటే ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

“అక్కా, పెట్టె మీద ఇంగ్లీషు పేరు కింద మిస్ర్ అని ఆల్ల అక్షరాలల్ల గూడ రాస్తె ఎట్లుంటది? యార్డుల పెట్టెలు దించేటోళ్లకు దూరంకెల్లి చూస్తెనే ఎరుకైతది గద. ఉర్దూ రాసే లిపే జర అటిటుగ ఆల్లది. నేనే రాస్త.”

“మిస్ర్ ఏమిటి?”

“ఈజిప్టే అక్కా. మా ఇంట్ల మిస్ర్ అనే అంటం. ఆల్లు గూడ గదే అంటరు.”

“డాక్యుమెంట్లలో లేని పేరు పెట్టె మీద ఉండకూడదు. రేపు కస్టమ్స్ వాళ్లు ఇదెక్కడి దేశం అంటే నువ్వు జవాబు చెప్తావా?” అన్నాను.

రూలు ప్రకారం నా మాటే సరైనది, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఎండీ గారు విని, “ఇంగ్లీషు పేరు ఎట్లాగూ ఉంది కదమ్మా, కింద అదీ ఉండనీ” అన్నారు. నస్రీన్ బ్రష్ పట్టుకుని, వాళ్ల నాన్న దగ్గర నేర్చిన ఒడుపుతో, కుడి నుంచి ఎడమకు అలవోకగా రాసేసింది. చూడముచ్చటగా ఉంది. అందుకే నాకు ఒళ్లు మండింది.

మహమూద్ గారు వచ్చారు. రిసెప్షన్‌లో నేను పిరమిడ్ల బొమ్మలతో స్వాగతం బ్యానర్ కట్టించాను. ఆయన దానికి మర్యాదగా తలాడించి లోపలికి నడిచారు. ప్యాకింగ్ షెడ్డులో మొదటి పెట్టె దగ్గర మాత్రం ఆగిపోయారు. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి, ఎవరు రాశారని అడిగారు. ఫోటో తీసి అక్కడికక్కడే వాళ్లమ్మకు పంపారు. నస్రీన్ ఊరుకుందా? మా ఇంట్లో పటికబెల్లాన్ని మిస్రీ అంటాం సార్, మీ దేశం నుంచి వచ్చిందని ఆ పేరట, మీ దేశం మా వంటింటి డబ్బాలో ఉంటుంది అని ఇంగ్లీషులో చెప్పింది. మరునాడు పొట్లం కట్టి తెచ్చి ఇచ్చింది కూడా. ఆయన చిన్నపిల్లాడిలా చప్పరిస్తూ గేర్లు లెక్క చూసుకున్నారు. ఇన్నేళ్ల నా ఇన్వాయిస్‌లు ఒక పటికబెల్లం ముక్క ముందు తేలిపోయాయి.

ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. ఫోనులో ఆ దేశం పేర్లన్నీ వెతకడం మొదలుపెట్టాను. ఈజిప్టు అనేది గ్రీకుల నోట పుట్టిన మాటట, అక్కడి ఒక పాత గుడి పేరు నుంచి వచ్చిందంటారు. మిస్ర్ చుట్టుపక్కల దేశాల వాళ్లు అతి ప్రాచీన కాలం నుంచీ పిలిచే పేరు. పిరమిడ్లు కట్టినవాళ్లు మాత్రం తమ నేలను కెమెత్ అన్నారు, అంటే నల్లమట్టి నేల. చిన్నప్పుడు మా వీధిలో మరియమ్మ గారు బైబిలు పైకి చదువుతుంటే ‘ఐగుప్తు’ అని వినపడేది. బళ్లో చదివే ఈజిప్టు వేరు, అది వేరు అనుకునేదాన్ని చాలాకాలం. ఇన్ని పేర్లు దొరికేసరికి ప్రాణం లేచొచ్చింది. రేపు చూపిస్తాను నస్రీన్‌కి అనుకున్నాను.

మర్నాడు క్యాంటీన్‌లో అందరం భోజనానికి కూర్చున్నాం. మహమూద్ గారు తమ పల్లె సంగతులు చెబుతున్నారు. వాళ్ల ఊళ్లో ఎవరూ కైరో వెళ్తున్నామనరట, మస్ర్ వెళ్తున్నామంటారట, మిస్ర్‌ని వాళ్లు పలికే తీరు అది, దేశానికీ రాజధానికీ అదే పేరట. నస్రీన్ వెంటనే అందుకుంది, మా దగ్గరా హైదరాబాద్ పోతున్నామనరు సార్, పట్నం పోతున్నామంటారు అని. మళ్లీ నవ్వులు. ఇక నేను ఆగలేదు. గుడి పేరు, గ్రీకులు, నల్లమట్టి, అంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. “మిస్ర్ మీకు పక్కవాళ్లు పెట్టిన పేరండీ. మీ అసలు పేరు కెమెత్” అని ముగించి, నస్రీన్ వైపు చూశాను.

ఆయన నవ్వారు. కోపం లేదు ఆ నవ్వులో, అదే నాకు ఇంకా కష్టంగా తోచింది.

“మా చరిత్ర టీచర్ కన్నా బాగా చెప్పారు మేడమ్. కానీ ఆ పేరుతో పిలిస్తే మా ఊళ్లో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు” అన్నారు. తర్వాత, “మీ దేశాన్ని మేం హింద్ అంటాం. మా ఆడపిల్లలకు ఆ పేరు పెట్టుకుంటాం. మా అమ్మ పేరు హిందే” అన్నారు.

ఆ మాట నన్ను చూసే చెప్పారు. నేనింకా ఆ హింద్ ఎవరు పెట్టిన పేరా అని లెక్క వేస్తున్నాను. నస్రీన్ మాత్రం అమ్మ ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది.

నస్రీన్‌నే పంపుతున్నట్టు వారం తిరక్కుండా ఎండీ గారు చెప్పారు. వీసా కాగితాలు నేనే సిద్ధం చేశాను. ఒక్క తప్పు లేకుండా చేశాను, నా పని మీద నాకున్న పౌరుషం అలాంటిది. “అక్కా, అసలు నువ్వు పోవాలె, నాకు మంచిగనిపిస్తలేదు” అని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాటైనా అనకుండా ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. సూట్‌కేసు దానికే ఇచ్చాను.

పెట్టెలు ఈసారి యార్డులో తప్పిపోలేదు. అక్కడి నుంచి నస్రీన్ ఫోన్ చేసి, విమానంలోంచి నది పక్కన నల్లటి నేల, దాని అంచునే ఇసుక కనపడ్డాయని, నేను చెప్పిన పేరే గుర్తొచ్చిందని అంది. “నువ్వు జెప్పకుంటె నాకు ఉత్త మన్నే కనవడుతుండె అక్కా” అంది. సంతోషపడ్డాను. ఫోన్ పెట్టేశాక, ఆ కిటికీ పక్కన కూర్చోవలసింది నేను కదా అని ఏడ్చాను. రెండూ నిజమే.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటుంది. దేశానికి కాగితం మీద ఉండే పేరు వేరు, పిలిస్తే మనిషి తిరిగి చూసే పేరు వేరు. మొదటిది తెలియకపోతే సరుకు కదలదు, రెండోది తెలియకపోతే మనం కదలం. ఆ రెండోది నేర్చుకోవడానికి ఆదివారాలు నస్రీన్ వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లి అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. ఈ వయసులో ఇదెందుకని ఆయన అడిగితే ఉన్నమాటే చెప్పాను, మీ అమ్మాయి మీద కుళ్లుతోనండీ అని. ఆయన పడీపడీ నవ్వాడు.

“మంచిదే బేటీ. శౌక్‌తోని, సరదాకు వచ్చినోళ్లు నడుమల్నే ఇడిచిపెడ్తరు. కుళ్లుతోని వచ్చినోళ్లే ఆఖర్‌దాంక నేర్సుకుంటరు.”

నస్రీన్ తిరిగొచ్చి మళ్లీ మా సెక్షన్‌లోనే ఉన్నా, పోయిన నెల వెళ్లిన పెట్టెల మీద ఆ అక్షరాలు నేను రాసినవే. ఫోటోలు పంపాను. చాలా అందంగా ఉన్నాయి, నస్రీన్‌కి నా ధన్యవాదాలు చెప్పండి అని మహమూద్ గారు జవాబు రాశారు. నేను చెప్పలేదు.